ఏ అద్దమైనా పరవాలేదు

1954 చివర. ఆంధ్ర రాష్ట్రం విడిపోయి ఏడాది దాటింది. మద్రాసులోని మనవాళ్ళు కొందరు సామాను కట్టుకుని కర్నూలు వెళ్ళిపోయారు. మేము కదల్లేదు. మా నాన్న పెరంబూరు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు, ఆయనకు కర్నూల్లో పనేముంది? నాకేమో మౌంట్‌రోడ్డులో ఒక కళ్ళద్దాల దుకాణంలో ఉద్యోగం. ఫ్రేములు సరిచేయడం, ముక్కు మీద కూర్చునేలా వంచడం, వెనక చీకటి గదిలో కళ్ళ పరీక్ష జరిగేటప్పుడు పక్కన నిలబడి అద్దాలు అందించడం నా పని.

పరీక్ష చేసేది ఫెంటన్ అనే ఆంగ్లో ఇండియన్ పెద్దమనిషి. మేమంతా ఫెంటన్ దొర అనేవాళ్ళం. ఆయన పనికి రిఫ్రాక్షన్ అని పేరు. ఏ కంటికి ఏ నంబరు అద్దం కావాలో తేల్చే పరీక్ష అది. వచ్చినవారి ముఖానికి ట్రయల్ ఫ్రేము తగిలిస్తాం. అద్దాలు లేని గుండ్రటి ఖాళీ ఫ్రేము. దాంట్లో ఒక కన్ను నల్ల బిళ్ళతో మూసి, రెండో కంటి ముందు ఒక్కో అద్దం మారుస్తూ, ఎదురుగా గోడమీద చార్టు చదివిస్తాం. ఇది బాగుందా, అది బాగుందా అని అడుగుతాం.

ఈ పనిలో బయటివాళ్ళకు తెలియని సంగతి ఒకటుంది. పరీక్ష చేసేది మేమే గానీ తీర్పు చెప్పాల్సింది కుర్చీలో కూర్చున్న మనిషి. ఆ మనిషి కంటికి ఏం కనిపిస్తోందో మాకేం తెలుసు? ఆయన నోరు విప్పి ఇది కావాలి, అది వద్దు అంటేనే మా పని ముందుకు సాగుతుంది. మనవాళ్ళతో వచ్చిన చిక్కల్లా అక్కడే. ఆఫీసు గుమాస్తాలు "మీకు తెలియనిదా సార్" అనేవారు. జార్జి టౌన్ షావుకార్లు ఏది చవకైతే దాంతోనే బాగా కనిపిస్తోందనేవారు. కొందరు ఆడవాళ్ళు తమకేది బాగుందో చెప్పమని పక్కనున్న మొగుణ్ణి అడిగేవారు. కోటు వేసుకున్న మనిషి అంత శ్రద్ధగా అద్దం పెడితే, అది బాగాలేదనడం ఆయన్ను తిట్టినట్టే అనుకునేవారు. మేము చాటున నవ్వుకునేవాళ్ళం. నవ్వుకోవలసిన విషయం కాదని నాకు తర్వాత తెలిసింది.

సుశీలమ్మగారు అప్పటికే మా దుకాణానికి పాత ఖాతాదారు. వేపేరిలో ఆడపిల్లల బడిలో ఇంగ్లీషు టీచరు. పెళ్ళి చేసుకోలేదు. పురసవాకంలో తమ్ముడి ఇంట్లో ఉండేవారు. తెల్లచీర, సన్న అంచు, చేతికి చిన్న గడియారం. పై తరగతి పిల్లలకు ఆవిడ పాఠం చెబితే అందులో వ్యాకరణం కొంతే, మర్యాద చాలా. ఒకరింటికి వెళితే కాఫీ కావాలా, టీ కావాలా అని అడిగినప్పుడు ఏమనాలి, పెట్టిన పలహారం సహించకపోతే ఏమనాలి, కానుకగా ఇచ్చిన గుడ్డ రంగు నచ్చకపోతే ఎలా చెప్పాలి, ఇవన్నీ ఇంగ్లీషులో పిల్లల చేత పలికించేవారు.

నాకూ ఆవిడే గురువయ్యారు. ఒకరోజు నేనొక దొరసానికి ఫ్రేము చూపిస్తూ, "దిస్ ఫ్రేమ్ నో గుడ్ ఫర్ యువర్ ఫేస్, మేడమ్" అన్నాను. ఆ ఫ్రేము మీ ముఖానికి బాగాలేదని నా ఉద్దేశం. ఆవిడ మూతి ముడుచుకుని గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. బెంచీమీద కూర్చున్న సుశీలమ్మగారు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తర్వాత నన్ను పిలిచారు.

"ఈడ రా నాయనా. ముఖాన కొట్టినట్టు అట్టా చెప్తే ఎట్టా? ఐ షుడ్ ప్రిఫర్ ది అదర్ వన్, ఇఫ్ యు డోంట్ మైండ్ అను. నీ మాటా నిలబడతది, అవతలి మనిషి మనసూ నొవ్వదు."

మీరేమీ అనుకోకపోతే నాకు ఆ రెండోదే ఎక్కువ ఇష్టం అని దాని అర్థం. ఆ వాక్యాన్ని బస్సులో నోట్లోనే నమిలి నమిలి నేర్చుకున్నాను. ఆవిడ వచ్చినప్పుడల్లా కొత్తది ఒకటి చెప్పించుకునేవాణ్ణి. ఆ ఇంగ్లీషుతోనే కొన్నాళ్ళకు నా జీతం పెరిగింది. అందుకని ఆవిడంటే నాకు భక్తి. ఆ భక్తే నా కళ్ళకు అడ్డం పడిందేమోనని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

వానలు పడుతున్న రోజుల్లో ఒక సాయంత్రం ఆవిడ కొత్త అద్దాల కోసం వచ్చారు. పిల్లల కాంపోజిషన్లు దిద్దుతుంటే తల నొస్తోందన్నారు, అదీ ఏదో తమ తప్పయినట్టు నవ్వుతూ. ఫెంటన్ దొర కుర్చీలో కూర్చోబెట్టి ట్రయల్ ఫ్రేము తగిలించారు. ఎడమ కన్ను మూసి, ముందు కుడి కంటికి చూశారు. అక్షరాలన్నీ టకటకా చదివేశారు. తర్వాత కుడి కన్ను మూసి, ఎడమ కంటి ముందు నేనందించిన అద్దం పెట్టారు.

"విచ్ డు యు ప్రిఫర్, మేడమ్? దిస్ వన్, ఆర్ దిస్?"

ఆవిడ కాసేపు చూశారు. కొంచెం తల వంచి, "ఐదర్ విల్ డు వెరీ నైస్లీ, మిస్టర్ ఫెంటన్, థాంక్యూ" అన్నారు. ఏదైనా చక్కగా సరిపోతుందండీ అని.

దొర మరో అద్దం మార్చారు. అదీ బాగుందన్నారు. ఇంకోటి మార్చి, ఇది ఇంకా మెరుగ్గా ఉంది కదా అని ఆయనే అంటే, చాలా మెరుగ్గా ఉందన్నారు. చార్టు చదవమంటే ఎడమ కంటితోనూ అడుగు వరుస దాకా తడబడకుండా చదివారు. పక్కన నిలబడ్డ నేను అద్దాల సంగతి మరిచిపోయి ఆ మాటల పొందికనే వింటున్నాను. ఆవిడ వెళ్ళాక దొర కూడా, ఇలాంటి మర్యాదస్తులు రోజుకొకరు వచ్చినా చాలు, ఈ గదిలో నా ప్రాణం హాయిగా ఉంటుందన్నారు.

అద్దాలు తయారయ్యాయి. తీసుకోవడానికి ఆవిడ దీపాలు పెట్టే వేళకు వచ్చారు. చెవుల దగ్గర కమ్ములు సరిచేస్తూ, "ఎట్లా ఉన్నాయమ్మా?" అని అడిగాను.

"నీ చేతి పనికి వంకేముంది నాయనా. మీ దుకాణంలో దీపాలు కూడా ఎంత ముచ్చటగా ఉండాయో. ఒక్కోదాని చుట్టూ హరివిల్లు కట్టినట్టు."

కొత్త బల్బులమ్మా, అన్నాను నేను గర్వంగా. మా దుకాణాన్ని మెచ్చుకున్నారనుకున్నాను. దీపం చుట్టూ రంగుల వలయాలు కనబడుతున్నాయని ఎవరైనా అంటే ఏం చేయాలో ఆ వృత్తిలో ఉన్న ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు. ఫిర్యాదుగా చెప్పి ఉంటే వెంటనే అందుకునేవాణ్ణే. ఆవిడకు ఫిర్యాదు చేయడం రాదు. తన బాధను కూడా అవతలివారికి మెప్పుగా మార్చి చేతిలో పెట్టారు.

సంక్రాంతి సెలవులు అయిపోయాక ఒక పొద్దున ఆవిడ తమ్ముడి కోడలు విమల, ఆవిడను రిక్షాలో మా దుకాణానికి తీసుకొచ్చింది. ఎడమ కన్ను ఎర్రగా ఉబ్బి ఉంది. తల పగిలిపోతోందట, తెల్లవారుజాము నుంచి వాంతులట.

"ఆసుపత్రికి పోదాం రా అత్తా అంటే వినదే. అద్దాలాయన్ని అడిగితే చాలు, డాక్టర్లను కష్టపెట్టేది ఎందుకంటది" అంది విమల ఏడుపు గొంతుతో.

దొర టార్చిలైటు వేసి చూశారు. వెంటనే కోటు తీసుకున్నారు. టాక్సీ పిలిపించి, తానే ఆవిడను కంటి ఆసుపత్రికి తీసుకెళ్ళారు.

గ్లకోమా. తెలుగులో నీటికాసులంటారు. కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపు నరాన్ని నలిపేసే జబ్బు. దీపాల చుట్టూ హరివిల్లు, తలనొప్పి, కంటి ముందు పొగమంచు, ఇవన్నీ ముందుగా చేసే హెచ్చరికలు. నెలలుగా అది హెచ్చరిస్తూనే ఉంది. ఎడమ కంట్లో ఇక వెలుతురు తెలుస్తుందే తప్ప చూపు రాదని డాక్టరు చెప్పారు. కుడి కంటికీ ఆ లక్షణం మొదలైందట. ఆపరేషన్ చేసి, చుక్కల మందు వేసి దాన్ని మాత్రం నిలబెట్టారు.

కట్టు విప్పిన తర్వాత వార్డుకు చూడబోయాను. కమలాపండ్లు పక్కన పెట్టి కూర్చున్నాను. అడగకూడదనుకుంటూనే అడిగేశాను.

"ఆ రోజు ఎడమ కంటికి ఎలా కనిపించిందమ్మా?"

"పొగ నాయనా. అద్దం మారిస్తే పొగలో ఇంకో పొగ."

"మరి అక్షరాలన్నీ చదివారు కదా?"

"కుడికంటితో అదే చార్టు చదివినాను గదా, గుర్తుండాయి. పాపం, ఆయన ఒక్కోటి మార్చి మార్చి అంత ఓపిగ్గా అడగతా ఉంటే, ఏదీ బాగలేదని ఎట్టా చెప్పేది? అద్దాలదే తప్పనుకుంటాడేమో, చిన్నబుచ్చుకుంటాడేమో అనిపించింది."

నాకు కోపమొచ్చింది. ఎవరిమీదో తెలియని కోపం. "మీరే కదమ్మా నాకు నేర్పింది, ఐ షుడ్ ప్రిఫర్ అని! ఆ ఒక్క మాట అనివుంటే…"

ఆవిడ దుప్పటి అంచు సరిచేసుకున్నారు.

"అది పిల్లోళ్ళకు నేర్పే మాట నాయనా. వాళ్ళను రేపు ఎవరన్నా అడగతారు. నన్ను ఇంట్లో ఎవురూ ఎప్పుడూ ఏది కావాలని అడిగింది లేదు. అడిగినప్పుడు చెప్పే అలవాటు యాడనుంచి వస్తది?"

ఒక కమలాపండు ఒలిచి తొనలు చేతిలో పెట్టాను. బాగుందన్నారు. తర్వాత నేనూ ఒకటి తిని చూశాను, పులుపు.

ఆ సంగతి దొరకు చెప్పాను. చీకటి గదిలో చార్టు ముందు నిలబడి ఉన్నారాయన. "షి వజ్ బీయింగ్ కైండ్ టు మీ" అన్నారు. నామీద జాలి తలిచిందయ్యా అని. ఆ వారంలోనే రెండో కంటికి వేరే అక్షరాలున్న ఇంకో చార్టు తెప్పించారు. ఏది బాగుందని అడగడం మానేసి, ఏది ఎక్కువ చెడ్డగా ఉందని అడగడం మొదలుపెట్టారు. మెచ్చుకోమంటే మనవాళ్ళు అన్నిటినీ మెచ్చుకుంటారు. తప్పు పట్టమని అడిగితే, అడిగారు కాబట్టి మొహమాటంగానైనా ఒకటి చూపిస్తారు. నాకు ఈ వృత్తిలో వంటబట్టిన అసలు పాఠం అదే. అది నేర్పడానికి ఒక మనిషి కన్ను ఖర్చయింది.

కొన్నేళ్ళకు దొర కుటుంబంతో ఆస్ట్రేలియా ఓడ ఎక్కారు. పరీక్ష గది నా చేతికొచ్చింది. సుశీలమ్మగారు ఒంటి కన్నుతోనే బడికి వెళుతూ ఉండేవారు. దిద్దే పుస్తకాలు తగ్గించారట, మాట్లాడించే పాఠాలు పెంచారట. ఒకరోజు కుడి కంటికి నంబరు మారిందేమో చూడమని వచ్చారు. అద్దం పెట్టి తెలుగులోనే అడిగాను.

"అమ్మా, ఇదీ అదీ. ఏది బాగాలేదు?"

ఆవిడ చేతి గడియారాన్ని అటూ ఇటూ తిప్పుకున్నారు. నేను తొందర పెట్టలేదు.

"ఇప్పుడు పెట్టినావే, ఇది బాగలేదు నాయనా" అన్నారు చివరికి. వెంటనే నా వైపు తిరిగి, "నీకేం కష్టం లేదు గదా?" అన్నారు.

లేదమ్మా, అన్నాను. కుడికంటి అద్దం కుదిరింది. చీటీ రాస్తూ, చేతి అలవాటు కొద్దీ నోరు జారాను.

"ఎడమ వైపు ఏ అద్దం పెట్టమంటారమ్మా?"

అనగానే నాలుక కరుచుకున్నాను. ఆవిడ మాత్రం నవ్వారు.

"ఆడ ఏదైనా పరవాలేదు నాయనా. ఈసారి నిజంగానే."