ఫైల్లో లేని ఎల్లుండి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. దిష్టి తీసి పడేసిన నిమ్మకాయల మీదుగా బండి పోనిచ్చే రకం నేను. అందుకు మా అక్క తిట్టని రోజు లేదు. ఇది చదివి నన్ను ఆ బాపతు మనిషి అనుకోకండి.

మాది కళింగపట్నం. ఇంట్లో అందరూ సముద్రంలో చేపల వేటకు వెళ్లేవాళ్లే. నేనొక్కణ్ణే ఇంటి దగ్గర కూర్చుని కంప్యూటర్ పని చేస్తాను. అప్పట్లో నోట్స్ రాసుకునే యాప్ ఒకదాన్ని తెలుగులోకి తెస్తున్నాం. తేదీల పని నాది. నోటు పైన ‘ఈరోజు’, ‘నిన్న’ అని వస్తుంది, అంతకన్నా పాతదైతే తేదీ పడుతుంది. మనకి మొన్న, ఎల్లుండి కూడా ఉన్నాయి, పెడదామని పోరాను. ఇంగ్లీషులో లేవు, కుదరదన్నారు. సరేలెమ్మని వదిలేశాను.

పరీక్షకని ఆ యాప్‌ని అక్క ఫోన్లో వేశాను. బావ వేటకు వెళ్లిన రోజు ఆయనకి చెప్పులు కొనాలని అందులో రాసుకుంది.

సాయంత్రానికి రావాల్సిన పడవ రాలేదు. మర్నాడూ రాలేదు. ఇంజిన్ ఆగి గాలికి కొట్టుకుపోయి ఉంటుందన్నారు. వెతకడానికి వెళ్లినవాళ్లు ఉత్త చేతులతో తిరిగొచ్చారు. అక్క ఏడవలేదు, తినలేదు, గోడకి ఆనుకుని కూర్చుండిపోయింది. బావ సంగతి అటుంచి, ముందు అక్క మాకు దక్కుతుందా అని భయం వేసింది.

మూడో రోజు పొద్దున్న ఫోన్ తెచ్చి నా చేతిలో పెట్టింది.

“ఒరే, ఇది సూడు. ఎల్లుండి అని ఉన్నాది.”

చెప్పుల నోటు పైన తేదీ ఉండాల్సిన చోట ఎల్లుండి అని ఉంది. యాప్‌లో వచ్చే తెలుగు మాటలన్నీ ఉండే మా ఫైల్లో ఆ మాటే లేదు. మొత్తం వెతికాను, ఇంకో ఫోన్లో వేసి చూశాను, ఎక్కడా రాలేదు. అయినా మొన్న రాసిన నోటుకి రాబోయే రోజు ఎలా పడుతుంది? స్క్రీన్‌షాట్ తీసుకుని, యాప్ తప్పు అక్కా అని చెప్పబోయాను. అప్పటికే అక్క పళ్లెం ముందు కూర్చుని చద్దన్నం తింటోంది.

“మీ బావ ఎల్లుండొస్తాడు,” అంది.

తింటున్నందుకు సంతోషించాలో, ఆ రోజు కూడా దాటిపోతే ఏమైపోతుందోనని భయపడాలో తెలియక ఆ రెండు రోజులూ చచ్చిపోయాను.

ఆమె చెప్పిన రోజు మధ్యాహ్నం ఒడిశా పడవ ఒకటి మావాళ్ల పడవని తాడు కట్టి లాక్కొచ్చింది. బావ ఎండకి నల్లబడిపోయి, తన కాళ్ల మీదే దిగాడు. నేను ఇసకలో కూలబడి ఏడ్చేశాను.

ఇంటికొచ్చి చూస్తే ఆ నోటు పైన మామూలు తేదీయే ఉంది. నా స్క్రీన్‌షాట్‌లో మాత్రం ఎల్లుండి అలాగే ఉంది. అది చూసి మా టీమ్ వాళ్లు తలలు పట్టుకున్నారు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు.

అక్కని అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు. “ఎలాగొచ్చిందో నీకేటికిరా. మనిషొచ్చినాడు కదా.”