నాలో మూడు షిఫ్టులు

మా ఇంట్లో బట్టలు ఆరవు. ఇది చెప్పుకోవాల్సినంత పెద్ద విషయం కాదు గాని, గాజువాకలో కాపురం ఉండేవాళ్లకు చిన్న విషయమూ కాదు. డాబా మీద ఆరేస్తే ఫ్యాక్టరీల మసికి తెల్ల చొక్కా సాయంత్రానికి బూడిదరంగు చొక్కాగా కిందికి దిగుతుంది. లోపల ఆరేస్తే సముద్రపు గాలి పుణ్యమా అని రెండోనాటికి కూడా తువ్వాలు చేతికి చల్లగానే తగులుతుంది. అందుకని మా ఆవిడ ఇంట్లో ఉన్న ప్రతి కుర్చీ మీదా బట్టలు పరుస్తుంది. చుట్టాలొస్తే ముందు దుప్పటి తీసి, తర్వాత కూర్చోమంటాం.

ఈమధ్య ఒక్క కుర్చీకి మాత్రం మూడు నెలలు మినహాయింపు దొరికింది. అది నా చదువు కుర్చీ.

నేను ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల మీద పనిచేస్తాను. మీద అంటే నిజంగా మీదే. బొగ్గును, ఇనుము కరిగించే కొలిమికి పనికొచ్చే కోక్‌గా మార్చే పొయ్యిలు వరసగా గోడల్లా నిలబడి ఉంటాయి. వాటి నెత్తిన తిరుగుతూ మూతలు చూసుకోవడం నా ఉద్యోగం. ఆ వేడికి మామూలు బూట్లు ఆగవని కింద చెక్క అడుగులు కట్టుకుంటాం. ఇరవై ఏళ్లు చెక్క మీద నడిచాక, ఇప్పుడు బూట్లు విప్పేసినా మోకాళ్లు అదే శబ్దం చేస్తున్నాయి. ఫోర్‌మన్ పరీక్ష పాసైతే కిందికి దిగి, ఏసీ గదిలో కూర్చుని మీటర్లు చూసుకోవచ్చు. రెండుసార్లు రాశాను. రెండుసార్లూ ప్రశ్నపత్రమే నాకంటే బాగా తయారై వచ్చింది. వయసు నిబంధన ప్రకారం ఇది మూడోసారి, ఆఖరుసారి. ఇదీ పోతే రిటైరయ్యేదాకా పొయ్యిల నెత్తి మీదే.

రోజూ పడుకోబోయే ముందు నా మోకాళ్లకు మందు రాసేది మా ఆవిడ. కాబట్టి ఈ పరీక్ష నాకంటే ఆవిడకే ఎక్కువ అవసరం.

అందుకని ఈసారి పద్ధతిగా మొదలుపెట్టాను. పద్ధతి అంటే పుస్తకం తెరవడం కాదు. ద్వారకా నగర్‌లో ఒక మోటివేషన్ క్లాసులో చేరాను. ఆదివారం ఆదివారం, సెల్‌ఫోన్ల షాపు మీద మూడో అంతస్తులో. చెప్పే ఆయన నాకంటే పదిహేనేళ్లు చిన్న. చెవి పక్క నుంచి నోటి దగ్గరికి వచ్చే మైకు పెట్టుకుని, మా అందరి చేతా కళ్లు మూయించి, పిడికిళ్లు బిగింపించి, నేను సాధిస్తాను అని పన్నెండుసార్లు అనిపించేవాడు. నా పక్కన బ్యాంకు పరీక్షకు నాలుగోసారి వెళ్తున్న ఒకమ్మాయి కూర్చునేది. ఆమె అంటుంటే ఆమె సాధిస్తుందని నాకు గట్టి నమ్మకం కలిగేది. నా మీద కూడా కొద్దిగా కలిగేది.

క్లాసు బాగాలేదని అబద్ధం చెప్పను. బయటికొచ్చేసరికి ఒళ్లంతా కరెంటు. చిక్కల్లా అది ఎంత దూరం వస్తుందన్నదే. ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సెక్కేటప్పుడు నేను ఫోర్‌మన్‌ని కూడా కాదు, ఏకంగా జనరల్ మేనేజర్‌ని. కంచరపాలెం దాటేసరికి ఫోర్‌మన్‌కి దిగేవాణ్ణి. ఎన్ఏడీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో పాసు మార్కులొస్తే చాలనిపించేది. ఎయిర్‌పోర్టు దగ్గర సీటు దొరికితే చాలనిపించేది. గాజువాకలో దిగేది పొద్దున్న అక్కడ ఎక్కిన మనిషే.

ఉన్న కాస్త ఓపికనీ పొదుపుగా వాడాలని అప్పుడే ఆలోచించాను. మా దగ్గర ఏ పనీ ఒక్కడే పూర్తిచెయ్యడు. పొద్దున్న ఏ షిఫ్టు, మధ్యాహ్నం బి, రాత్రి సి. తన టైములో అవనిదేదో లాగ్‌బుక్కులో రాసి, సంతకం పెట్టి, తర్వాతి షిఫ్టుకి అప్పగించి నిశ్చింతగా ఇంటికి పోవడం ఇరవై ఏళ్లుగా నాకు ఒంటబట్టిన విద్య. అదే విద్యతో, డ్యూటీ పోగా మిగిలిన నన్ను నేను మూడు షిఫ్టులుగా విడగొట్టుకున్నాను. కుర్చీ ముందు బల్ల మీద ఒక లాగ్‌బుక్కు పెట్టాను.

మొదటి రోజు రాతలు ఇవి. ఏ షిఫ్టు: పుస్తకం బయటికి తీయబడినది, ఒకటో అధ్యాయం బి షిఫ్టు వారికి. బి షిఫ్టు: పుస్తకం పరిశీలించబడినది, మంచి స్థితిలో ఉన్నది, ఒకటో అధ్యాయం సి షిఫ్టు వారికి. సి షిఫ్టు: సిబ్బంది నిద్రించినందున పని జరగలేదు, ఏ షిఫ్టు వారు గమనించగలరు.

పదిహేను రోజులు తిరిగేసరికి షిఫ్టుల మధ్య గొడవలొచ్చాయి. బి షిఫ్టులో ఉన్నవాడు ఒట్టి సోమరి అని ఏ షిఫ్టు ఎర్ర ఇంకుతో రాసింది. బి షిఫ్టు నొచ్చుకుని మూడు రోజులు పుస్తకం ముట్టలేదు.

నాతోపాటు అదే పరీక్ష రాస్తున్న జతగాడు ఒకడున్నాడు. జాలరిపేట మనిషి. ఇంటిల్లిపాదీ చేపల పనిలో ఉంటే ఇతనొక్కడే పొయ్యిల మీదికొచ్చాడు. క్లాసుకు రమ్మంటే, ఆదివారం అరవడానికి ద్వారకా నగర్ దాకా ఎందుకని ఊరుకున్నాడు. పరీక్షకు తొమ్మిది రోజులుందనగా, పొద్దుటి డ్యూటీలో, టీ టైముకి ఇతను గోడ నీడలో చతికిలబడి గ్యాసు పైపుల పాత డ్రాయింగు ఒకటి ఒళ్లో పరుచుకుని కనిపించాడు. పక్కన టీ చల్లారిపోయి, మీద తరక కట్టింది. పరీక్షకేనా అని అడిగాను.

"పరీచ్చకేటి బావ. మన పొయ్యిల్లోంచి ఎల్లిన గేసే తిరిగొచ్చి మన పొయ్యిల్నే మండిత్తాది కదా. ఇన్నేళ్లూ దాని నెత్తినే తిరిగాం గాని అదెలగెల్లి ఎలగొత్తందో ఎప్పుడైనా సూసామేటి? సూత్తంటే బాగుంది."

మళ్లీ డ్రాయింగులోకి తల దించేశాడు. నేను ఇంకా అక్కడే ఉన్నానన్న సంగతి అతనికి గుర్తున్నట్టు లేదు. ఆ పైపులు పరీక్ష పుస్తకంలో మూడో అధ్యాయం. అతనికి ఆ సంగతి తెలియదు. నాకు తెలుసు. దాన్ని నేను పదకొండుసార్లు బి షిఫ్టుకి అప్పగించాను.

నా బుర్ర వెలిగింది అప్పుడే. నాకు ఆదివారాలు దొరికేది మోటివేషన్. ఎవరో వెనకనుంచి తోస్తారు, తోసినంత దూరం వెళ్తాను, ఎన్ఏడీ దాకా. ఇతన్ని తోసేవాడు ఎవడూ లేడు. ముందున్నదేదో లాగుతోంది. స్ఫూర్తి అనే మాట చాలా సన్మాన పత్రాల్లో చూశాను గాని, మనిషి మీద చూడడం ఇదే మొదలు. మా పొయ్యిలనైనా మొదట బయటి మంటతోనే వేడెక్కిస్తారు. ఆ తర్వాత తమ గ్యాసుతో తామే మండుకోవాలి. మూడు నెలలుగా నేను రోజూ ఆ మొదటి రోజే గడుపుతున్నాను.

ఇంత గొప్ప సంగతి తెలిశాక మనిషి పుస్తకం తియ్యాలి. నేను ఇంటికెళ్లి మా ఆవిడకు చెప్పాను.

ఆవిడ అప్పుడే బట్టలు పిండి, తడి తువ్వాళ్లు భుజాన వేసుకుని వస్తోంది. ఈ మూడు నెలలూ తలుపుల మీద, ఫ్రిజ్ మీద, చివరికి నా బండి మీద కూడా ఆరేసింది గాని, ఆ కుర్చీ మీద చేతిరుమాలు కూడా వెయ్యలేదు. నేను దాని వెనక నిలబడి, వీపు పట్టుకుని, మోటివేషన్‌కీ స్ఫూర్తికీ తేడా ముప్పావుగంట చెప్పాను. బాగా చెప్పాననే అనుకుంటున్నాను. బస్టాపులూ, పైపులూ అన్నీ వచ్చాయి. ఒకచోట పిడికిలి కూడా బిగించాను.

ఆవిడ అడ్డు రాకుండా మొత్తం వింది. భుజం మీది తువ్వాళ్ల నుంచి నీళ్లు కారి కాళ్ల దగ్గర చిన్న మడుగు కట్టాయి. నేను ఆగాక, బల్ల మీది లాగ్‌బుక్కు తీసి చివరి పేజీ చూసింది. అందులో ఆ పొద్దున నేను డ్యూటీకి వెళ్తూ రాసింది ఉంది: ఇంకా తొమ్మిది రోజులు కలవు, బి షిఫ్టు వారు త్వరపడగలరు. చదివి, మూసి, ఉన్నచోటే పెట్టేసింది.

"మీరెలాగా కూకోరు. కుర్సీ వదిలీండి, తువ్వాళ్లు ఆరేసుకుంతాను."