సంగప్ప దించిన మెయిన్ స్విచ్

జహీరాబాద్‌లో హైవే పక్కనున్న కంటి దవాఖానలో సంగప్ప ఇరవై రెండేళ్లుగా అటెండరు. పొద్దున తాళం తీసేది ఆయనే, సాయంత్రం వేసేదీ ఆయనే. వెళ్లే ముందు మెయిన్ స్విచ్ దించనిదే ఆయనకు అన్నం సయించదు. వైర్లు అంటుకుని పక్క దుకాణం బూడిదైన నాటి నుంచి పట్టుకున్న అలవాటది. దాని గురించి నలుగురికీ చెప్పుకుని మురిసేవాడు కూడా.

నిరుడు చీటీలు రాయడానికి కంప్యూటర్ వచ్చింది. దాని ముందు కూర్చోడానికి చిరాగ్‌పల్లి నుంచి శోభారాణి వచ్చింది. అందులో నడిచేది విండోస్ కాదు, లినక్స్ అనే సాఫ్ట్‌వేర్. పొద్దున బటన్ నొక్కితే అరగంట దాకా ఒక్క పేరూ ఎక్కనిచ్చేది కాదు. బెంచీల మీది ముసలివాళ్లు విసుక్కుంటుంటే ఆ పిల్ల మొహం చిన్నబుచ్చుకుని తెర వైపే చూసేది.

ఒకరోజు డాక్టర్ ఖుద్సియా బయటికొచ్చి, ఎందుకింత ఆలస్యమని శోభారాణిని అడిగింది. జవాబిచ్చింది మాత్రం సంగప్ప. ఆయన్నెవరడిగారో!

“ఈ పిల్లకు మిషిని చేతగాదు మేడం. ఏందేందో ఒత్తుతది,” అన్నాడు, అందరి ముందూ.

నెల తిరక్కుండానే శోభారాణి మానేసింది. ప్రవీణ అనే అమ్మాయి ఆ కుర్చీలోకి వచ్చింది. కంప్యూటర్ నడక మాత్రం మారలేదు. చివరికి బాగుచేసే అనస్‌ను పిలిపించారు. అతను కాసేపు చూసి, “రాత్రి దీనికి కరెంటు ఎవరన్న తీసేస్తున్నరా?” అన్నాడు.

సంగప్ప గర్వంగానే చెయ్యెత్తాడు.

“గందుకే కాకా! దీనికి రోజూ ఇల్లు సదురుకునే పనులుంటయి. పాత ఫైళ్లు తీసేసుడు, జాబితాలు తయారు చేస్కునుడు. ఎవ్వరు లేనప్పుడు, తెల్లారగట్ల చేస్కోవాలె. గందుకే దీన్ని రాత్రి గూడ చాలు ఉంచుతరు. అప్పుడు మీరు కరెంటు బంద్ పెడితిరి. ఇగ పొద్దుగాల లేవంగనే ఆగిపోయిన పనంత మీదేస్కుంటది. పైంగ ఒక్కసారే కరెంటు గుంజిన్రు గద, లోపల ఏమన్న ఖరాబైందా అని గూడ చూస్కుంటది. దాని తప్పేం లేదు.”

దాని తప్పు లేదు, ఆ పిల్ల తప్పూ లేదు. సంగప్పకు తలెత్తబుద్ధి కాలేదు. సిగ్గుతో రెండు రోజులు ముద్ద దిగలేదు.

ఆదివారం చిరాగ్‌పల్లి వెళ్లాడు. శోభారాణి వాకిట్లో అల్లానికి అంటిన మట్టి దులుపుతోంది. ఆయన నోరు తెరవకముందే, “నువ్వన్నది నిజమే కాకా, నాకు కంప్యూటర్ చేతగాలే,” అంది. ఆ మాట విని సంగప్ప జరిగిందంతా చెప్పేశాడు.

ఆమె చేతిలోని అల్లం కింద పెట్టింది. “మేడంకు చెప్పినవా?”

“లే బిడ్డా. ముందుగాల నీకే చెప్దామని...”

“నాకు చెప్తే ఏమొస్తది? అందరి ముందట అంటివి. అందరి ముందట చెప్పు.”

సోమవారం బెంచీలు నిండాయి. డాక్టరమ్మ బయటికి రాగానే సంగప్ప చేతులు కట్టుకుని, తప్పు తనదేనని, మానేసిన ఆ పిల్లది కాదని చెప్పాడు. ఎన్ని తిట్లయినా పడదామనే నిలబడ్డాడు.

“అట్లనా? సరే, ఇగ బంద్ చెయ్యకు,” అందామె, చేతిలో చీటీ చూసుకుంటూ. “కానీ, ఆ పిల్ల ఎవరు?”

“శోభారాణి, మేడం,” అన్నాడు సంగప్ప.

అప్పటికే ఆమె తర్వాతి పేషెంటును పిలుస్తూ లోపలికి వెళ్లిపోయింది.