వెనక్కి తీసుకున్న అంకె

మొన్న శనివారం ఇక్కడ న్యూజెర్సీలో, ఐసెలిన్‌లో సరుకులు కొనుక్కుని తిరిగి వస్తుంటే, నేను ఇరవై ఆరేళ్లు పనిచేసిన ఆసుపత్రి ముందు సిగ్నల్ పడి మా కారు ఆగింది. ఎర్ర టీషర్టులు వేసుకున్న నర్సులు నలభై యాభై మంది, చేతుల్లో అట్టలు పట్టుకుని ఫుట్‌పాత్ మీద గుండ్రంగా తిరుగుతున్నారు. ఒక్క నర్సు చేతికింద ఎంతమంది రోగులుండాలో ఆ అంకె తప్ప ఆ అట్టల మీద వేరే నినాదమేదీ లేదు. కారు నడుపుతున్న నా మనవరాలు, కాలేజీలో చదువుతున్న పిల్ల, వాళ్లకు మద్దతుగా హారన్ గట్టిగా మోగించి, అద్దం దించి చెయ్యి ఊపి, నా వైపు తిరిగింది.

“అమ్మమ్మా, నువ్వు కూడా స్ట్రైక్ చేశావా? లైక్, ఇట్లా రోడ్ మీద నిలబడి?”

లేదన్నాను. “వై నాట్? మీకు యూనియన్ లేదా?” అంది. ఉందన్నాను. ఇంతలో సిగ్నల్ మారింది, దాని ధ్యాస రోడ్డు మీదకు పోయింది. స్ట్రైక్ జరగకుండా ఆపినదాన్ని నేనేనని దానికి చెప్పలేదు. ఇంటికొచ్చి సరుకులు సర్దుతూ, కందిపప్పు డబ్బాలో బియ్యం పోశాను.

మాది గోదావరి జిల్లాలో ఒకప్పుడు పేరున్న కుటుంబం. నేను పుట్టేనాటికి పేరు తప్ప ఏమీ మిగలలేదు. మా తాతగారు సాక్షులెవరూ లేకుండా ఒక స్నేహితుడికిచ్చిన మాట కోసం చెరువు కింది భూమంతా వదులుకున్నారని మా ఇంట్లో పిల్లలకు అన్నం తినిపిస్తూ చెప్పేవారు. అది నష్టం కథగా ఎవరూ చెప్పలేదు, మేం విననూ లేదు. మా నాన్నగారు చిరుగు కనబడకుండా ఉత్తరీయం మడత పెట్టుకుని బయలుదేరేవారు. ఎవరింటికి వెళ్లినా కూర్చోమని రెండుసార్లు అడిగితేగాని కూర్చునేవారు కారు. ఎవరైనా ఏదైనా కాగితం రాసివ్వమంటే, అడిగినవాడి ఇంటి గుమ్మం మళ్లీ తొక్కేవారు కారు. అలాంటి ఇంట్లో పుట్టి నేను నర్సు చదువుకు వెళ్తానన్నప్పుడు, మా మేనత్త ఊళ్లో ఎవరైనా అడిగితే ‘ఆసుపత్రిలో ఉద్యోగం’ అని మాత్రం చెప్పమంది. నేను మాత్రం నర్సునని చెప్పాను. తలవంచుకుని ఏ పనీ చెయ్యకూడదన్నది ఆ ఇంటినుంచి నాకు వచ్చిన ఒకే ఒక ఆస్తి. అమెరికా వచ్చాక కూడా డ్యూటీకి వేసుకునే ముతక యూనిఫాం పైజామాను గంజిపెట్టి, ఇస్త్రీ మడత కత్తిలా నిలిచేట్టు తొడుక్కునేదాన్ని. మా ఫ్లోర్‌లో అందరూ నవ్వేవారు. నవ్వినా, ఏ గదిలోనైనా ఏ రోగి బంధువైనా కోపంతో కేకలేస్తుంటే నన్నే పంపేవారు.

ఆ ఫ్లోర్‌లో నాకు ఇద్దరు దగ్గరివాళ్లు. ఒకరు నాకంటే పదిహేనేళ్లు చిన్నదైన వరంగల్ అమ్మాయి. నన్ను అక్కా అనేది, నేను చెల్లీ అనేదాన్ని. కొత్తగా వచ్చినప్పుడు పని నేర్పింది నేనే. మంచినీళ్లు ఇచ్చినా చార్టులో రాయమని, రాయని మందు ఇవ్వనట్టే చూస్తారని రోజూ చెప్పి విసిగించేదాన్ని. రెండో ఆవిడ అమెరికన్. తొమ్మిదేళ్లు నా పక్కనే పనిచేసి, తర్వాత మెట్టుమెట్టుగా ఎదిగి నర్సింగ్ డైరెక్టర్ అయింది. మా ఆయన అదే ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఉన్నప్పుడు, మూడు ఆదివారాలు నా డ్యూటీ తను చేసి, నాతో ఒక్క ముక్క అనలేదు. నాకు ఎప్పటికో వేరేవాళ్లు చెబితే తెలిసింది. ఒక మనిషికి విలువ కట్టడానికి నాకు అంతకంటే ఏం కావాలి?

మా ఒప్పందం గడువు ముగిసి కొత్తదానికి చర్చలు మొదలైనప్పుడు, నర్సుల తరఫున కూర్చునే ఆరుగురిలో నన్నూ ఎన్నుకున్నారు, చెల్లినీ ఎన్నుకున్నారు. ఎడిసన్‌లో హైవే పక్కన ఒక హోటల్లో హాలు అద్దెకు తీసుకుని వారానికి రెండు రోజులు కూర్చునేవాళ్లం. పొడుగాటి బల్లకు ఒకవైపు మేము, మా యూనియన్ ప్రతినిధి, మరోవైపు ఆసుపత్రి లాయరు, ఆయన మనుషులు, డైరెక్టరమ్మ. జీతం గురించి, సెలవుల గురించి, పార్కింగ్ గురించి ఒక్కొక్కటే కుదురుతూ వచ్చాయి. కుదరనిది ఒక్కటే. ఒక నర్సుకు ఐదుగురు రోగులకు మించి ఇవ్వకూడదని ఒప్పందంలో రాయాలన్నది మా మొదటి కోరిక. నాకూ చెల్లికీ నిజంగా కావలసింది అదొక్కటే, ఎందుకంటే అప్పటికే ఆరుగురినీ ఏడుగురినీ చూస్తూ, ఒకరి దగ్గరనుంచి ఒకరి దగ్గరకు పరిగెత్తి, ఇంటికి వెళ్లేటప్పుడు ఎవరికి ఏం మరిచిపోయామోనని కారులో కూర్చుని గుర్తు చేసుకునే స్థితికి వచ్చేశాం. ఆసుపత్రివాళ్లు ఆ ఒక్కటి తప్ప ఏదైనా అడగమనేవారు. చివరికి నర్సులంతా స్ట్రైక్‌కు ఓటు వేశారు. ఈ దేశంలో ఆసుపత్రి సమ్మెకు పదిరోజుల ముందు నోటీసివ్వాలి. ఆ నోటీసు టైపు చేసి మా ప్రతినిధి ఫైల్లో సిద్ధంగా ఉంది.

ఆ మధ్యాహ్నం విరామంలో, హాలు బయట కాఫీ మెషీన్ దగ్గర, డైరెక్టరమ్మ నా దగ్గరకు వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పై వాళ్లు ఆ అంకెను కాగితం మీద ఎప్పటికీ పెట్టరనీ, పట్టుబడితే మిగతావన్నీ కూడా వెనక్కి పోతాయనీ, తను ఉన్నంతవరకూ ఐదుగురికి మించి ఎవరికీ ఇవ్వననీ, ఇది తన మాటగా తీసుకోమనీ చెప్పింది. ఆమె కళ్లలో నీళ్లున్నాయి. ఆ రోజు ఆమె అబద్ధమాడిందని నేను ఇప్పటికీ అనుకోను.

మా గదిలోకి వెళ్లి మిగతా ఐదుగురికీ చెప్పాను. ఆమెను నేనెరుగుదునని, పూచీ నాదని అన్నాను. మా ప్రతినిధి, ఒకప్పుడు లారీలు నడిపిన పెద్దాయన, రెండు చేతులతో మొహం రుద్దుకుని, కనీసం ఒక్క లైను ఉత్తరమైనా రాసిమ్మని అడగమన్నాడు. అలా అడగటం ఆమెను అవమానించటమే అవుతుందన్నాను. అప్పుడు చెల్లి నన్ను పక్కకు లాగింది.

“అక్కా, మంచినీళ్లు తాగిపిచ్చినా రాయమని నాకు నేర్పింది మీరే కదా. గా మాట కూడా చార్ట్ చేయించుండ్రి.”

“ఆవిడ మాటంటే మాటే” అన్నాను.

“మీరు దొరసాని లెక్క మాట్లాడుతున్నరు. ఇక్కడ దొరలు లేరక్కా, లాయర్లున్నరు. ఆమె రేపు జాబ్ మారితే ఏం జేస్తం?”

నాకు కోపం వచ్చింది. మీ ఇంట్లో మాటకు విలువ లేదేమో, మా ఇంట్లో ఉంది అన్నాను. అనకూడని మాట. ఆ పిల్ల మొహం ఒక్క క్షణం చిన్నబోయింది, తర్వాత నవ్వింది.

“సరే తియ్యిండ్రి. మీరు చెప్తున్నరు కాబట్టి నేను చెయ్యెత్తుత. దేవుడి మీద గాదు, మీ మీద నమ్మకం.”

చేతులెత్తితే నలుగురం ఒకవైపు, ఇద్దరు మరోవైపు. హాల్లోకి తిరిగి వెళ్లి మా కోరిక వెనక్కి తీసుకుంటున్నామని చెప్పాం. ఆసుపత్రి లాయరు ఆ కాగితం మీద ‘ఉపసంహరించుకున్నారు’ అని రాసి, ఎవరైనా పొట్టి సంతకం చెయ్యమని బల్ల మీద మా వైపు జరిపాడు. ప్రతిపాదించింది నేనే కనుక చేసే మర్యాద కూడా నాకే ఇచ్చారు. నేను వెన్ను నిటారుగా పెట్టుకుని, గొలుసు రాతలో నా పొడి అక్షరాలు వేశాను. ఆమె ఇచ్చిన మాట గాలిలో ఉండిపోయింది, నేను వదులుకున్నది మాత్రం కాగితం మీదకెక్కింది. అంత చదువుకున్నదాన్ని, ఆ తేడా ఆ పూట నాకు కనబడలేదు. ఒప్పందం కుదిరిందని తెలిసి ఫ్లోర్‌లో అందరూ నాకు చప్పట్లు కొట్టారు, ఎవరో కేక్ తెచ్చారు.

ఏడు నెలలు మాట నిలిచింది. ఎనిమిదో నెలలో డైరెక్టరమ్మకు వేరే రాష్ట్రంలో ఇంకా పెద్ద ఆసుపత్రిలో పదవి వచ్చింది, వెళ్లేముందు నన్ను కౌగిలించుకుని వెళ్లింది. తర్వాత వచ్చినాయన మంచిగానే మాట్లాడేవాడు. ఐదుగురన్న సంగతి ఎత్తితే, ఒప్పందంలో ఏ పేజీలో ఉందో చూపించమన్నాడు. ఆ చలికాలానికి మేం ఒక్కొక్కళ్లం ఎనిమిది మందిని చూస్తున్నాం.

అలాంటి ఒక రోజున చెల్లి చేతికింద ఎనిమిది మంది. ఒక గదిలో ఊపిరందక కొట్టుకుంటున్న రోగి దగ్గర ఆమె ఉండగా, మరో గదిలో ఒక ముసలాయన బాత్రూమ్‌కు వెళ్లాలని బెల్ కొట్టి, కొట్టి, ఎవరూ రాకపోయేసరికి తనే లేచి పడిపోయాడు. తలకు దెబ్బ తగిలి మూడో రోజున పోయాడు. ఆయన కూతురు మా వార్డు నడవలో నిలబడి, మా నాన్న ఎంతసేపు పిలిచాడని అడిగిన తీరు నేను ఇంకా మరిచిపోలేదు. ఆసుపత్రి విచారణ జరిపి, రోగిని గమనించకపోవడం చెల్లి తప్పని తేల్చి, ఆమెను ఉద్యోగంలోంచి తీసేసింది. నర్సు లైసెన్సు మీద కూడా విచారణ మొదలైంది.

యూనియన్ ఆమె తరఫున నిలబడింది, బయటి మధ్యవర్తి ఎదుట వాదనలు పెట్టించింది. ఒక్క మనిషికి ఎనిమిది మందిని అప్పగించడం మాటతప్పడమని నిరూపించగలిగితే తప్పు ఆమెది కాకుండా పోతుంది. దానికి సాక్షిని నేనే. మా యూనియన్ లాయరమ్మ నన్ను కూర్చోబెట్టి, ఆ రోజు కాఫీ మెషీన్ దగ్గర జరిగింది జరిగినట్టు చెబితే చాలంది. చెల్లి కూడా పక్కనే ఉంది.

ముందు పాత డైరెక్టరమ్మను పిలిచారు. ఆమె నా వైపు ఒకసారి చూసి, తన ఉద్దేశం చెప్పానే తప్ప మాటివ్వలేదని, మాటిచ్చే అధికారం తనకు లేదని మెల్లగా చెప్పింది. తర్వాత నన్ను పిలిచారు. ఆసుపత్రి లాయరు ఆ పాత కాగితం నా ముందు పెట్టి, సంతకం నాదేనా అని, ఎవరైనా బలవంతపెట్టారా అని అడిగాడు. సంతకం నాదే, ఎవరూ బలవంతపెట్టలేదు అన్నాను. మా లాయరమ్మ లేచి, మరి ఎందుకు వెనక్కి తీసుకున్నారు అని అడిగింది.

ఆ గదిలో పదిమంది ఉన్నారు. నేను చెప్పవలసింది ఒక్క వాక్యం. ఆమె మాటిచ్చింది, నేను నమ్మాను. కానీ అది చెబితే, ఎదురుగా కాదంటున్న మనిషి ముందు నన్ను నమ్మండని బతిమాలుకున్నట్టవుతుంది. నేను మోసపోయానని, నన్ను అంత తేలిగ్గా మోసం చెయ్యవచ్చునని పదిమందిలో ఒప్పుకున్నట్టవుతుంది. మా ఇంట్లో ఎవరూ, అన్నీ పోయిన రోజున కూడా, అలా ఒప్పుకోలేదు. నేను మెడ ఎత్తి, ఆ రోజుకు నాకు అది సరైనదనిపించింది అన్నాను. లాయరమ్మ ఇంకో రెండు రకాలుగా అడిగింది. నేను అదే జవాబు చెప్పాను.

చెల్లి ఓడిపోయింది. నేను చెప్పి ఉంటే గెలిచేదా అంటే, గెలిచేదో లేదో చెప్పలేమని తర్వాత మా లాయరమ్మ అంది. అది నన్ను ఓదార్చడానికన్నదో, నిజమో తెలియదు. విచారణ జరిగిన రోజు పార్కింగ్‌లో కారు తాళం తీస్తుంటే చెల్లి వెనకనుంచి వచ్చింది. తిట్టలేదు, గొంతు పెంచలేదు.

“నేను అబద్ధమాడమనలేదు కదక్కా. నిజమే చెప్పమన్న.”

నేను తలుపు తీసుకుని కారులో కూర్చున్నాను.

ఆమె ఆ వృత్తికి మళ్లీ రాలేదు. కొన్నాళ్లు ఓక్ ట్రీ రోడ్డులో ఒక చీరల కొట్లో పనిచేసింది. ఒకసారి చూసి నేను ఫుట్‌పాత్ మారి నడిచాను. తర్వాత టెక్సాస్ వెళ్లిపోయారని ఎవరో చెప్పారు. ఫోన్ నంబర్ సంపాదించాను. పన్నెండేళ్లుగా నా దగ్గర ఉంది.

కాలం మారింది. నా మనవరాలు స్నేహితురాలికి నాలుగు రోజులకు గౌను అరువిచ్చినా ఎప్పుడు తిరిగిస్తావో మెసేజ్ పెట్టమంటుంది, అవతలి పిల్ల ఏమీ అనుకోదు. దారిలో మోచెయ్యి తగిలినా సారీ అంటుంది, నోటినుంచి ఊపిరి వచ్చినంత సులువుగా. ఇవన్నీ పెంపకం లేకపోవడమనుకునేదాన్ని. ఇప్పుడు ఆ పిల్లను చూస్తే అసూయ కలుగుతుంది. నా వయసువాళ్లు, నాలాంటి ఇళ్లలో పుట్టినవాళ్లు, నేను చెబుతున్నది ఏమిటో అర్థం చేసుకుంటారు. మనకు ఈ రెండూ ఎవరూ నేర్పలేదు. నేర్చుకోవలసిన వయసులో, నేర్చుకోనందుకు గర్వపడ్డాం. ఆ రోడ్డు మీద తిరుగుతున్న పిల్లల్లో ఎవరినైనా ఆపి అడిగితే, ఆ అంకె కోసం వాళ్లకంటే ముందు ఒకామె తన వృత్తి పోగొట్టుకుందని వాళ్లకు తెలియదు. ఏ కాగితంలోనూ లేదు కదా.

అందుకని ఇది రాశాను. చదివి మీలో ఎవరైనా నన్ను క్షమించవచ్చు, క్షమించకపోవచ్చు. దానివల్ల నాకు ఒరిగేదేమీ లేదు. తప్పు నాదన్న ఆ ఒక్క వాక్యం చెప్పవలసింది మీకు కాదు, చెప్పవలసిన మనిషి తెలుగు పత్రికలు చదవదు. ఆ సంగతి తెలిసే రాశాను కాబోలు.