లాభం, రెండు, మూడు

ఇంగ్లీషులో ముప్పై పేజీలు రాసి ఒక పెద్దమనిషిని దొంగని చేసిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెప్తాను, మీరు నవ్వుకోండి. నాకు మాత్రం ఇప్పటికీ సిగ్గుతో తల వాలిపోతుంది.

అరవైల్లో సంగతి. మాది నందిగామే అయినా, నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల పెరిగిందీ చదివిందీ ఖరగ్‌పూర్‌లో. కొత్తగా మేనేజ్‌మెంట్ లెక్చరర్నయ్యాను. వ్యాపారమంటే ఏమిటో వ్యాపారులకే చెప్పాలని ఒకటే ఆరాటం. జగ్గయ్యపేటలో కందుల వ్యాపారం చేసే మామయ్య, "మా కొట్టు కూడా చూసిపెట్టరా," అన్నాడు పాపం.

కందులు కొలిచేది ఏసోబు. అరవయ్యేళ్ళ మనిషి. నేను మెడలో స్టాప్‌వాచీ వేలాడేసుకుని, అతను అంకె పలికినప్పుడల్లా కాగితం మీద ఒక గీత గీశాను. మొదటి కుంచం పోసి "లాభం" అన్నాడు. తర్వాతది "రెండు", ఆపైన "మూడు". ఇరవై అనేసరికి నా గీతలు పంతొమ్మిదే! మళ్ళీ చూశాను, మళ్ళీ అంతే. దొంగ దొరికాడని ఒళ్ళు పులకరించింది.

మర్నాడు రైతులూ గుమాస్తాలూ అందరూ ఉండగా, రాత్రంతా కూర్చుని రాసిన ఆ ముప్పై పేజీల రిపోర్టు తెలుగు చేసి చదివాను.

"మామయ్యా, మొదటి కుంచం లెక్కలోకే రావట్లేదు. అది ఏసోబు లాభమట! పైకి అరిచి మరీ తీసుకుంటున్నాడు!"

మామయ్య నోరు తెరిచాడు. "ఒరే, లాభమంటే ఒకటేరా! శుభంగా ఉంటదని కొలిచేటప్పుడు ఒకటికి బదులు లాభం అంటారు. మీ నాన్న నీకిది కూడా చెప్పలేదంట్రా?"

రైతులు తలపాగాలు ఊడేలా నవ్వారు. ఏసోబు నవ్వలేదు. కుంచం బోర్లించి పెట్టాడు.

"పాతికేళ్ళు కొలిచానయ్యా. ఈ చేతి మీద దొంగమాట పడ్డాక ఇంక కొలవనండి," అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం అతని ఇంటికి వెళ్ళాను. దారి పొడుగునా ఉపన్యాసం తయారు చేసుకున్నాను గానీ గుమ్మం దగ్గర అది రెండు ముక్కలకి కుదించుకుపోయింది.

"ఏసోబుగారూ, తప్పయిపోయిందండి."

ఆయన కండువా భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చారు. "అందరి ముందరా అన్నారు గదా బాబూ. అందరి ముందరే ఒకసారి కొలవండి. అప్పుడొస్తా."

మర్నాడు నిండు కొట్లో కుంచం పట్టుకున్నాను. కొలవడం చేతగాక సగం కందులు నేలపాలు చేశాను. మిగిలినవి పోసి, అలవాటు కొద్దీ "ఒకటి" అన్నాను. కొట్టంతా "అయ్యయ్యో!" అంది.

ఏసోబుగారు కుంచం లాక్కున్నారు. "లెగండి బాబూ, లెగండి! మీరు కొలిస్తే ఈ కొట్టు మూసుకోవాల," అని నవ్వుతూ నా చోట్లో కూర్చున్నారు.

తర్వాత ప్రొఫెసర్నయ్యాను, ఎన్నో కంపెనీలకి సలహాలిచ్చాను. అయినా ఆ బోర్లించిన కుంచం మరపుకి రాదు. కాబట్టి పాఠక మహాశయులారా, కందుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పని చేసే మనిషిని అడక్కుండా ఆ పని మీద ఇక రిపోర్టు రాయను. రాసుకోండి, ఇది నా ప్రమాణం నంబరు లాభం.