జెర్రులతో నా పగ

జెర్రిని చెప్పుతో ఒక్క దెబ్బ వేస్తే చావదు. తోక తెగినా తల పరిగెడుతూనే ఉంటుంది. ఆ తలను మడమ కింద పెట్టి నేలకేసి రాయాలి. ఈ పని నేను ఇష్టంగా చేస్తాను. ఎవరైనా పాపం అంటే, ముందు మీ కాలు కుట్టించుకుని వచ్చి ఆ మాట అనండి అంటాను.

మాది జహనుమా బస్తీలో పాల ఇల్లు. ముందు రెండు గదులు, వెనక బర్రెల కొట్టం, మధ్యలో స్నానాల గది. ఆ గదిలో నీళ్లు పోయే మోరి నేరుగా కొట్టం కాలువలోకి తెరుచుకుంటుంది. వానలు మొదలైతే చాలు, ఎర్రలు, రోకలిబండ పురుగులు, జెర్రులు అన్నీ ఆ మోరి లోంచి పిలవని చుట్టాల్లా వచ్చేవి. మందు పొడి చల్లుదామంటే బర్రెలున్న ఇంట్లో కుదరదు. నేల మీద తెల్లగా ఏం కనిపించినా ఉప్పనుకుని నాకేస్తాయి. అందుకని మాకు మిగిలినవి వేడినీళ్లు, చీపురు, చెప్పు. వీటన్నిటికంటే ముఖ్యమైనది మా అత్తమ్మ గోనె సంచి.

పొద్దుగూకగానే అత్తమ్మ ఖాళీ తవుడు సంచిని తడిపి, నాలుగు మడతలు పెట్టి, మోరి మీద పరిచి పైన ఇటుక పెట్టేది. పొడి సంచి అయితే సందులుంటాయి, తడిదైతే నేలకు అంటుకుపోతుంది. తెల్లారాక దాన్ని తీసి నల్లా కింద మూలకు నెట్టేది. సాయంత్రం మళ్లీ అదే సంచి. పాల ఇళ్లలో అందరూ చేసే పనే ఇది, జల్‌పల్లిలో మా అమ్మ కూడా ఇలాగే చేసేది. కానీ మా ఇంట్లో ఆ సంచిని అత్తమ్మ తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు.

నాకు ఆ ఇంట్లో నచ్చిన పని ఒక్కటే, సాయంత్రం గడప దగ్గర పీట వేసుకుని పాలు పోయడం. పొద్దంతా పెండ తీసి, దాణా కలిపి, గిన్నెలు తోమిన మనిషికి మనుషులు కనిపించే వేళ అది. కొత్తగా వచ్చిన నన్ను బస్తీ గుర్తుపట్టింది ఆ పీట మీదే. అందరూ ఖాలా అని పిలిచే పొరుగింటి ముసలావిడైతే పాలు తీసుకున్నాక కూడా కాసేపు నిలబడి తన మోకాళ్ల సంగతులు చెప్పేది.

ఒక వానాకాలం సాయంత్రం ఆ ఖాలా గిన్నె చాపుతూ ఆగిపోయింది. పాల క్యాను అంచు మీద రోకలిబండ పాకుతోంది. నేను దాన్ని వేలితో ఎగరగొట్టేలోపే వెనక నిలబడ్డవాళ్లంతా చూశారు.

అత్తమ్మ లోపలి నుంచి వచ్చింది. నాతో కాదు, ముందు వాళ్లతో అంది. "ఇన్నేండ్ల సంది మా ఇంట్ల పురుగు అన్న మాట లేదమ్మా. గీ పిల్ల వచ్చినంకనే గిట్లైతుంది. ఊడ్వ చాతగాదు, ఏం జెయ్యాలె?" అని నా చేతిలోంచి కొలత గిన్నె లాక్కుంది. "రేపటి సంది నువ్వు కొట్టం చూస్కో."

పది మంది ముందు తల కొట్టేసినట్టయింది. రాత్రి మా ఆయనతో చెబితే "అమ్మతోని లొల్లి ఎందుకే, ఊకో" అన్నాడు. నేను ఊరుకోలేదు. ఇల్లంతా వేడినీళ్లతో కడిగాను, గోడల పగుళ్లన్నీ సిమెంటుతో నేనే పూడ్చాను. అయినా పురుగులు వచ్చాయి. వచ్చిన ప్రతిసారీ అత్తమ్మ నా వైపు చూసేది.

తర్వాత కొన్నేళ్లకు ఒక పొద్దున, బడికి పంపుదామని స్నానం చేయిస్తుంటే నా బిడ్డ కెవ్వుమంది. బొటనవేలి పక్కన జెర్రి కుట్టింది. కాలు బూరెలా వాచింది, జ్వరం వచ్చింది. డాక్టరు దగ్గరి నుంచి వచ్చేసరికి అత్తమ్మ గడపలో కూర్చుని ఉంది. "కన్నబిడ్డనన్న సూస్కోవద్దా," అంది.

ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండింది. ఈ జెర్రుల వంశం ఎక్కడుందో చూసి తీరాలనుకున్నాను.

ఆ ఆదివారం అత్తమ్మ పురానాపూల్‌లో చుట్టాలింటికి పోయింది. నేను మోరిలో మరిగే నీళ్లు పోస్తుంటే కొన్ని చిందులు మూలనున్న సంచి మీద పడ్డాయి. మడతల్లోంచి ఒక జెర్రి బయటికి దూకింది. పుల్లతో మడత ఎత్తి చూశాను. లోపల చీకటి, తడి, అంటుకున్న తవుడు, ఆ తవుడుకు చేరిన చిన్న పురుగులు, వాటిని తింటూ జెర్రులు, వాటి పిల్లలు. రోజూ రాత్రి పురుగులు రాకుండా మేము అడ్డం పెట్టేది వాటి ఇంటినే.

చంపుదామని చెప్పు తీశాను. మళ్లీ కింద పెట్టాను. సంచిని పుల్లతో ఎత్తి నున్నటి ప్లాస్టిక్ టబ్బులో వేసి మూత పెట్టాను.

సాయంత్రం అత్తమ్మ వచ్చి పీట మీద కూర్చుంది. గిన్నెలతో జనం చేరారు. టబ్బు తెచ్చి వాళ్ల మధ్యలో పెట్టి మూత తీశాను.

"అత్తమ్మా, నీ సంచి. మోరి మీద ఏస్తవ్ కదా, జర దులిపి ఎయ్యి."

ఆమె వంగి చూసి చటుక్కున వెనక్కి జరిగింది. ఖాలా చెంపలు వేసుకుని "కాన్‌ఖజూరే. ఇన్ని జెర్రులు ఇంట్ల పెంచుతున్నరా ఏంది?" అంది.

నేను ఒక్కొక్కదాన్నీ పుల్లతో బయటికి లాగి మడమ కింద రాశాను. తొందరపడలేదు. అందరూ చూసేదాకా ఆగి మరీ రాశాను. తర్వాత చేయి చాపాను. అత్తమ్మ కొలత గిన్నె ఇవ్వడానికి కాస్త సమయం తీసుకుంది, కానీ ఇచ్చింది.

మోరికి ఇనుప జాలీ బిగించి ఇప్పటికి చాలా ఏళ్లైంది. నా బిడ్డ ఇప్పుడు కాలేజీకి పోతోంది. పాలు నేనే పోస్తున్నాను. అత్తమ్మకు చూపు తగ్గింది, కొట్టంలోకి పోలేదు, పొద్దంతా మంచం మీదే. పోయిన వానాకాలం ఒక సాయంత్రం గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది.

"ఇయ్యాల నేను పోస్తనే. మంచంల పానం ఊకుంటలేదు. నాలుగు మాటలన్న ఇనొస్తది."

"నీకు చూపు ఆనది అత్తమ్మా. పాలల్ల పురుగు గిట్ల పడ్తది," అన్నాను.

అక్కడున్నవాళ్లంతా విన్నారు. ఆమె లోపలికి పోలేదు. చివరి గిన్నె నిండేదాకా నా వెనకే నిలబడింది. జాలి కలగలేదా అంటే కలిగింది. అయినా పీట మీది నుంచి లేవలేదు.