రొయ్య కన్నూ, వసుంధర గారి ఉద్యోగమూ

2023 ఫిబ్రవరి. విండ్సర్‌లో కార్ల హెడ్‌లైట్లకు ప్లాస్టిక్ మూతలు పోసే ఒక ఫ్యాక్టరీలో నేను క్వాలిటీ ఇంజనీర్ని. మూడో మెషీన్ దగ్గర ఒక పోలరైజేషన్ కెమెరా ఉండేది, దాని బాధ్యత నాది. కాంతి తరంగాలు ఏ దిశలో ఊగుతున్నాయో మన కంటికి తెలియదు. మాంటిస్ ష్రింప్ అనే రొయ్యలాంటి సముద్రప్రాణికి తెలుస్తుంది. ఆ కన్ను చూసి నేర్చుకుని చేసిన కెమెరా అది. వేడి ప్లాస్టిక్ సరిగ్గా చల్లారకపోతే లోపల స్ట్రెస్, అంటే బిగువు, మిగిలిపోతుంది. అలాంటి మూత చలికి పగులుతుంది. బిగువు ఉన్నచోట కాంతి ఊగే దిశ మారిపోతుంది, కెమెరా దాన్ని రంగురంగుల చారలుగా చూపిస్తుంది.

ఒక సోమవారం పొద్దుటి నుంచి ఆ మెషీన్ మూతలన్నీ రిజెక్ట్. ఆ రోజే అక్కడికి మారిన ఆపరేటర్ వసుంధర గారు. ఖమ్మంలో లెక్కల టీచరుగా చేసి, నలభై దాటాక ఈ దేశం వచ్చి ఫ్యాక్టరీలో చేరిన మనిషి. శుక్రవారంతో ఆవిడ ప్రొబేషన్ ముగుస్తుంది. ఆవిడే కూలింగ్ టైమ్ తగ్గించి ఉంటారని సూపర్‌వైజర్ అనుమానం. నేనూ అదే నిజమనుకుని రిపోర్టులో రాసేశాను.

గురువారం ఆవిడ నా దగ్గరికి వచ్చారు.

"నేను సెట్టింగ్స్ ముట్టనే లేదు శ్రీనివాస్ గారూ. ఈ జాబ్ పోతే మళ్లీ మొదటి నుంచి అప్లై చేసుకోవాలె."

"కెమెరా అబద్ధం చెప్పదండీ," అన్నాను, కాస్త విసుగ్గానే.

"అయితే మూత తీసేసి, ఉత్తదే ఒకసారి చూడండి."

కాదనలేక చూశాను. కెమెరా కింద ఏమీ లేదు. తెర నిండా చారలు!

కెమెరా ముందుండే అద్దాన్ని ఆదివారం మార్చింది నేనే. కొత్త వస్తువు మీది ప్లాస్టిక్ పొర పీకకుండా ఏళ్ల తరబడి వాడుకోవడం మనవాళ్ల అలవాటు. మా ఇంట్లో టీవీ రిమోట్‌కి ఇప్పటికీ ఉంది. గీతలు పడవు కదా అని ఈ అద్దం మీదా ఉంచేశాను. అద్దం మార్చాక ముందు ఖాళీగా చూసుకోవాలి, తొందరలో అదీ వదిలేశాను. సాగదీసి చేసే ఆ పొరలోనూ బిగువు ఉంటుంది, కెమెరా చూపించింది దాన్నే. గోటితో ఆ పొర పీకగానే చారలు మాయం. రిజెక్ట్ పెట్టెలోని మూతలన్నీ మళ్లీ పెట్టి చూశాం. అన్నీ బాగానే ఉన్నాయి.

"హమ్మయ్య!" అంటూ ఆవిడ స్టూల్ మీద కూలబడ్డారు. కళ్లు తుడుచుకుని, "మా మైక్రోవేవ్‌కి కూడా ఉందండీ," అని నవ్వారు.

తప్పు నాదేనని సూపర్‌వైజర్‌కి చెప్పి రిపోర్టు మార్చాను. చీవాట్లు పడ్డాయి కానీ, అంత హాయిగా ఎప్పుడూ చీవాట్లు తినలేదు. శుక్రవారం ఆవిడ ఉద్యోగం పర్మనెంట్ అయింది.

ఆవిడ ధైర్యం చేసి అడిగారు కాబట్టి సరిపోయింది. లేకపోతే నా సంతకంతోనే ఒక మనిషి రోడ్డున పడేది. ఇప్పుడు రిపోర్టులో ఎవరి పేరైనా రాసే ముందు, వాళ్లనే పిలిచి నా పక్కన నిలబెట్టుకుని పరీక్ష చేస్తాను.